కోల్డ్ స్టోరేజీలో రెండొందల షేర్లు

తాళ్ళకుదురులో తెలివి గురించి మాటొస్తే పానకాలు ఎవర్నీ నోరెత్తనిచ్చేవాడు కాదు. "మా ఇంట్లో నలుగురం. నలుగురికీ తెలివే. వాడుకోను వాడుకోను ఇంకా మిగిలిపోతా ఉంటది" అని కారం మిల్లు అరుగు మీద కూర్చుని, వచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు. వచ్చినవాళ్ళు ఎండుమిరపకాయల గంప దించి, తుమ్ముతూ తల ఊపేవాళ్ళు. ఆ ఊపుడంతా మెప్పే అనుకునేవాడు పానకాలు.

ఆ నలుగురిలో మొదటివాడు పానకాలే. రెండోది భార్య నాంచారమ్మ. ఈవిడ ఏం చెప్పినా ముందు "నాకు తెలిసినంతలో" అంటుంది, నిజానికి ఆ తర్వాత చెప్పడానికి ఏమీ ఉండదు. మూడోవాడు తమ్ముడు నాగేశం. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్ళు ఇతనితో పావుగంట మాట్లాడి, ఇచ్చిన మజ్జిగ కూడా తాగకుండా బస్సెక్కేవాళ్ళు. నాలుగోది మేనత్త అచ్చమ్మ. పెద్దదానికి తెలివి ఎక్కువని మిగతా ముగ్గురి నమ్మకం, ముగ్గురి కంటే ఎక్కువని ఆవిడ నమ్మకం.

ఇంటిల్లిపాదికీ తిండి పెట్టేది మాత్రం తెలివి కాదు, మిల్లు. ఆ మిల్లుకి ప్రాణం ఒక మోటారు. వాళ్ళ నాన్న బిగించిన గండభేరుండ కంపెనీ మోటారు అది. ఇరవై రెండేళ్ళుగా తిరుగుతోంది. నాలుగుసార్లు కాయిల్ చుట్టించారు. ఈమధ్య స్టార్టర్ నొక్కితే మూలిగి, ఆలోచించుకుని, అప్పుడు తిరిగేది. దాని హోరు వినపడకపోతే పానకాలుకి మధ్యాహ్నం కునుకు పట్టేది కాదు. మెకానిక్ వచ్చి చెయ్యి పెట్టి చూసి, "ఈ సీజను లాగుద్దేమో. కొత్తది కొనుక్కోండి బాబాయ్, ఆవకాయల రోజుల్లో ఆగిపోతే ఊరంతా గోపవరం మిల్లుకి పోద్ది" అన్నాడు.

ఆ మాట విని పానకాలు చీటీ పాట ఎత్తి, అరవై వేలు నడుముకి కట్టుకుని, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని గుంటూరు వెళ్ళాడు. మోటార్ల షాపాయన గండభేరుండ మోటారు చూపించి, మాటవరసకి, "మోటారు ఎప్పుడూ ఉండేదే లెండి. నిరుడు ఈ కంపెనీ షేర్లు కొన్నవాడిదండీ అదృష్టం, రెట్టింపయ్యాయి" అన్నాడు.

అంతే. అన్నదమ్ములిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"షేరంటే ఏందండీ?" అన్నాడు నాగేశం.

"కంపెనీలో వాటా. కొన్నవాడు కంపెనీకి ఒక యజమాని అయినట్టే."

పానకాలు తమ్ముణ్ణి పక్కకి లాగాడు. "ఒరేయ్, మోటారు కొంటే మనకొచ్చేది ఒక్క మోటారు. కంపెనీ కొంటే మోటార్లన్నీ మనయ్యేగా! చెట్టు అమ్ముతా ఉంటే కాయ కొంటామా ఎక్కడన్నా?"

ఇంకేముంది, మోటారు అక్కడే వదిలేసి, షేర్లు అమ్మే ఆఫీసు వెతుక్కుంటూ వెళ్ళారు. అక్కడ ఉండేది పిచ్చేశ్వర్రావు. ఈ కథ మొత్తంలో బుర్ర ఉన్నది ఆయనొక్కడికే, పేరు చూస్తే అదీ. "ఉన్న డబ్బంతా ఒకేదాంట్లో పెట్టకండి, అందులోనూ మోటారు డబ్బు" అని పాపం గంటసేపు చెప్పాడు. "ఆయన మనకి దక్కకుండా చూస్తన్నాడన్నా" అని నాగేశం అన్న చెవిలో ఊదాడు. మూడొందల లెక్కన రెండొందల షేర్లు కొన్నారు. పిచ్చేశ్వర్రావు, రెండ్రోజుల్లో ఖాతాలో పడతాయి, అప్పుడు రండి అన్నాడు.

రెండ్రోజులకి వెళ్ళారు. ఊరికే వెళ్ళలేదు, ట్రాక్టరు కట్టుకుని, తొట్టిలో ఎనిమిది ఖాళీ గోతాలూ, దబ్బనం, పురికొస వేసుకుని వెళ్ళారు. పిచ్చేశ్వర్రావు కిటికీలోంచి తొంగిచూసి, "ఇంత బండి ఎందుకండీ?" అన్నాడు.

"రెండొందల షేర్లు మరి. నెత్తిన పెట్టుకుపోతామా?" అన్నాడు పానకాలు.

పిచ్చేశ్వర్రావు నవ్వాలో ఏడవాలో తెలియక, పానకాలు ఫోను తీసుకుని, ఏవో నొక్కి, తెర మీద రెండొందల అంకె చూపించాడు. "ఇదిగోండి మీ షేర్లు, అన్నీ ఇందులోనే ఉన్నాయి. జాగ్రత్తగా చూసుకోండి."

అన్నీ అందులోనే ఉన్నాయన్నాడు కదా, ఆ క్షణం నుంచి పానకాలు ఫోను ఫోను కాకుండా పోయింది. అది గోడౌను. ఇంటికి తెచ్చి బియ్యం డబ్బాలో పెట్టి మూతేశారు. నాంచారమ్మ చెల్లెలు ఫోన్ చేసింది. మోగింది. మళ్ళీ చేసింది. మళ్ళీ మోగింది. ఎవరూ ఎత్తలేదు. "నాకు తెలిసినంతలో, మాట్లాడ్డానికి తెరిస్తే షేర్లు జారిపోతయ్యి" అంది నాంచారమ్మ. చెల్లెలు భయపడి పొరుగూరు నుంచి ఆటో కట్టించుకుని వచ్చి, అక్క బతికే ఉందని చూసి, తిట్టి వెళ్ళింది.

ఇక ధర ఎంతుందో తెలియాలి కదా. ఊళ్ళో ఆ లెక్కలు చెప్పే టీవీ సెలూన్లో ఉంది. రోజూ వెళ్ళి చూసిరమ్మని నాగేశాన్ని పంపారు. మంగలి ఊరికే కుర్చీ ఎందుకిస్తాడు? కూర్చున్నప్పుడల్లా గడ్డం గీసేవాడు. ధర పొద్దున ఒకటీ మధ్యాహ్నం ఒకటీ ఉంటుందాయె, నాగేశం రెండుపూటలా గీయించుకోవాల్సొచ్చింది. మూడో రోజుకి గీయడానికి గడ్డం మిగల్లేదు. మంగలి మీసం తీశాడు.

నాలుగో రోజు నాగేశం పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అన్నా! మూడొందలది రెండొందల డెబ్బై అయిందంట!"

ఇల్లు గొల్లుమంది. అచ్చమ్మ మాత్రం చెక్కు చెదరలేదు. చుట్ట తీసి, "ఏడవమాకండర్రా. మిర్చి ధర పడితే రైతేం చేస్తాడు?" అంది.

"కోల్డ్ స్టోరేజీలో పెడతాడు" అన్నాడు పానకాలు.

"ధర లేచేదాకా?"

"లేచేదాకా."

"మరి?"

నలుగురూ నోళ్ళు తెరుచుకుని ఆవిడ తెలివికి మురిసిపోయారు. నలుగురూ అంటే ఆవిడతో సహా. మిరపపంట చుట్టూ పుట్టి పెరిగినవాళ్ళు, ధర పడిన సరుకుకి ఆ ఒక్క మందే తెలుసు వాళ్ళకి. అంతే, ఫోనుని గోతంలో వేసి, మూతి కుట్టి, బైపాసు మీది కోల్డ్ స్టోరేజీకి మోసుకెళ్ళారు.

అక్కడి గుమాస్తా తలెత్తకుండానే, "మిర్చా, మినుములా?" అన్నాడు.

"షేర్లు."

వాడికి అద్దె ముఖ్యం. 'ఇతర సరుకులు, బస్తా ఒకటి' అని రశీదు రాసి ఇచ్చాడు. ముఠా కూలీలు బస్తాని ఎత్తబోయి, బరువుంటుందని బిగబట్టిన వాళ్ళు వెనక్కి పడబోయారు. "తేలికని చూడమాకండి, అందులో ఫ్యాక్టరీ ఉంది" అని కసిరాడు పానకాలు.

ఇక్కడే దేవుడు చేసిన అన్యాయం చూడండి. వెర్రివాడు చేసిన వెర్రిపనికి వెంటనే చెంపదెబ్బ తగిలితే బాగుపడతాడేమో. వారం తిరక్కుండా ఆ దిక్కుమాలిన షేరు మూడొందల ముప్ఫై అయింది. నాగేశం ఆ కబురు తెచ్చేసరికి అతని తల మీద జుట్టు సగమే ఉంది. ఇంటిల్లిపాదీ అచ్చమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టారు. ఊరంతా తిరిగి, "చల్లదనం తగిలితే షేరు లేస్తది, ఎవరికీ చెప్పమాకండి" అని అందరికీ చెప్పారు.

సరే, లేచింది కదా, అమ్మేస్తే మోటారు వస్తుంది. అమ్మాలంటే సరుకు బయటికి తియ్యాలి. వీళ్ళ బస్తా మీద తేజా రకం మిర్చి బస్తాలు మూడొందలు ఉన్నాయి. ముఠావాళ్ళకి కూలిచ్చి, రెండ్రోజులు అవన్నీ దింపించి, తీసి చూస్తే ఫోను చెమటలు కక్కుతోంది. అదే పూట నాగేశం నున్నటి గుండుతో వచ్చి, "రెండొందల అరవైకి పడింది" అన్నాడు.

"పడకేం చేస్తది?" అని లేచాడు పానకాలు. "లోపల చల్లగా పడుకున్నదాన్ని ఎండలోకి లాగాం కదా! పెట్టెయ్ లోపల!"

మళ్ళీ పెట్టారు. ధర లేచింది. తీశారు. పడింది. మళ్ళీ పెట్టారు. షేరన్నాక లేస్తుంది, పడుతుంది, ఎవడి గోతంలో ఏముందో దానికెందుకు? కానీ వీళ్ళకి మాత్రం తిరుగులేని రుజువు దొరికినట్టే. ముఠావాళ్ళు వీళ్ళ బస్తాకి పేరు కూడా పెట్టారు, అల్లుడని. వచ్చీపోయే మర్యాదలన్నీ దానికే మరి. కూలీకీ అద్దెకీ నాంచారమ్మ ముక్కుపుడక తాకట్టుకి వెళ్ళింది.

ఇంతలో ఎండలు ముదిరాయి. ఊరగాయల రోజులొచ్చాయి. మిల్లు ముందు గంపలు బారులు తీరాయి. ముసలి మోటారు మూలుగుతూనే, పొగ కక్కుతూనే, ఎలాగో తిరుగుతోంది. అది తిరిగినంతసేపు ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, ఆగిందా, లేదు. ఆ సంగతి ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు.

ఒకరోజు నాగేశం సెలూన్ నుంచి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. ఈసారి మంగలి కనుబొమల దాకా వచ్చాడు. "అన్నా, రెండొందల పదికి పడింది. లోపలున్నా పడింది! టీవీలో కోటేసుకున్నాయన చెప్పాడు. గండభేరుండ మోటార్లు మరీ గట్టియ్యంట. ఇరవయ్యేళ్ళయినా పాడవ్వవంట. పాతది పాడైతే గానీ జనం కొత్తది కొనరు, అందుకే అమ్మకాల్లేవు, అందుకే పడిందన్నాడు."

పక్కన మోటారు గరగరమని తిరుగుతోంది. పానకాలు మెల్లగా తల తిప్పి దాన్ని చూశాడు. ఇరవై రెండేళ్ళది. గట్టిది. పాడవ్వనిది.

"దొంగ మన ఇంట్లోనే ఉన్నాడ్రా" అన్నాడు.

"ఎవరన్నా?"

"ఇదే! ఇది తిరగబట్టే కదా కంపెనీకి ఒక మోటారు అమ్ముడుపోలా! కంపెనీకి యజమానులం మనం. మన మోటారే మన కంపెనీ నోట్లో మట్టి కొడతా ఉంటే చూస్తా కూర్చుంటామా?"

నాంచారమ్మ ఒక్కతే కొంచెం సందేహించింది. "ఇది పగిలితే మనం కారం దేంతో ఆడిస్తామయ్యా?"

"కొత్తది కొంటాం."

"డబ్బులేయి?"

"పిచ్చిదానా, ఇది పగిలితే షేరు పెరగదూ? పెరిగితే డబ్బు రాదూ? వస్తే కొనమూ?"

"నాకు తెలిసినంతలో, నిజమే" అంది నాంచారమ్మ.

ఇంకేముంది, గడ్డపార తెచ్చారు. తీరా పైకెత్తాక పానకాలు దాన్ని మళ్ళీ కిందికి దించాడు. నాన్న బిగించిన మోటారు. దాని హోరు వింటూనే పెరిగాడు, దాని హోరులోనే పెళ్ళి చేసుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడుపు నిజమైనదే. బుద్ధి ఉన్నవాడైతే ఆ ఏడుపు దగ్గరే ఆగేవాడు. పానకాలు కళ్ళు తుడుచుకుని, "యజమాని అన్నాక గుండె రాయి చేసుకోవాల" అని, ఒక్క పోటు పొడిచాడు. తర్వాత నాగేశం, తర్వాత నాంచారమ్మ. చివరికి అచ్చమ్మ కూడా చుట్ట పక్కన పెట్టి, పెద్దరికంగా ఒక పోటు పొడిచింది. ఇరవై రెండేళ్ళు నలుగురికి అన్నం పెట్టిన మోటారు, నలుగురి చేతుల్లోనూ చచ్చింది.

గంపలు మోసుకొచ్చిన ఆడవాళ్ళు గుడ్లప్పగించి చూశారు. కొందరు గోపవరం దారి పట్టారు. పాత వాడుకవాళ్ళు ఐదారుగురు మాత్రం, "మీ నాన్న మొహం చూసి ఆగుతున్నాం, ఎట్టాగన్నా కొట్టించి పెట్టండి" అన్నారు. అచ్చమ్మ అటక మీద నుంచి మూడు రోకళ్ళు దింపించింది. ఆ రోజూ మర్నాడూ ఆడవాళ్ళిద్దరూ, నాగేశమూ దంచారు. ఆ రెండు రోజులూ ఆ ఇల్లు గడిచింది ఆ మూడు రోకళ్ళ మీదే.

మూడోరోజు మధ్యాహ్నం రెండింటికి పిచ్చేశ్వర్రావు స్కూటరు మీద చెమటలు కక్కుతూ దిగాడు. "ఏమండీ పానకాలు గారూ, ఇరవైసార్లు ఫోన్ చేశాను, ఎత్తరేం?"

"ఫోను కోల్డ్ స్టోరేజీలో ఉందండీ."

పిచ్చేశ్వర్రావుకి ఆ మాట అర్థం చేసుకునే తీరిక లేదు. "మీ షేరు మూడొందల అరవై అయింది! ఎక్కడో ఎత్తిపోతల పథకానికి మోటార్లు కావాలని పెద్ద ఆర్డరొచ్చిందట. నిలుస్తుందన్న నమ్మకం లేదు. మూడున్నరకి బజారు మూసేస్తారు. ఇదిగో కాగితం, సంతకం పెట్టండి. మీ అరవై వేలూ వస్తాయి, పైన పన్నెండు వేలొస్తాయి. రేపే మోటారు కొనుక్కోండి."

పానకాలు కలం అందుకున్నాడు. పగిలిన మోటారు వైపు చూశాడు. మూడు రోజులుగా మధ్యాహ్నం కునుకు లేదు. సంతకం పెడితే మళ్ళీ ఆ హోరు వినొచ్చు. కాగితం మీద 'పా' అని రాశాడు. మిగతా అక్షరాలు రాసుంటే ఈ కథ ఇంత సిగ్గుమాలినది అయ్యేది కాదు.

అక్కడ ఆగి, కులాసాగా నవ్వాడు. "ఆర్డరూ గీర్డరూ కాదండీ. ఎందుకు పెరిగిందో మాకు తెలుసు. మా మోటారు మేమే పగలగొట్టాం."

పిచ్చేశ్వర్రావు అప్పుడు చూశాడు ఆ ఇనుప ముక్కల్ని. సంగతంతా నాగేశం గర్వంగా చెప్పాడు. ఆయన నెత్తి కొట్టుకుని, "ఓరి నాయనో! పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడంట వెనకటికి మీలాంటివాడు!" అన్నాడు.

"రోకలి!" అని ఎగిరి గంతేశాడు పానకాలు.

వసారాలో ధబ్ ధబ్ మని రోకళ్ళు పడుతున్నాయి. పానకాలు కలం కింద పెట్టేశాడు. "పెద్దమనిషండీ, ఎంత మాట చెప్పారు! ఒక్క మోటారు పగిలితేనే షేరు ఇంత లేచిందే, ఇంకా ఎందుకు లెగవలేదా అనుకుంటన్నా. ఇదీ సంగతి! రోకలుంటే మోటారెవడు కొంటాడు? మన కంపెనీకి శత్రువు మన వసారాలోనే కూర్చుని దంచతా ఉంది!"

"నేను చెప్పింది అది కాదయ్యా బాబూ!" పిచ్చేశ్వర్రావు కలం తీసి అతని చేతిలో కుక్కాడు. "ముందు సంతకం! ఒక్క సంతకం! మీ కాళ్ళు పట్టుకుంటాను!"

"కంగారు పడమాకండి. అరగంటలో ఐదొందలు చేసి చూపిస్తా."

ఇంకేముంది, కారం కొట్టిన రోకళ్ళు కొట్టినట్టే పొయ్యిలోకి వెళ్ళాయి. వాటిని పట్టుకున్న కారానికి మంట తగిలేసరికి ఘాటు లేచింది చూడండి, ఆ వీధి వీధంతా తుమ్ములు, దగ్గులు, శాపనార్థాలు. కోళ్ళు గోడలు దూకాయి. గంపల వాళ్ళు కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని బజార్లోకి పరుగెత్తారు. అచ్చమ్మ మాత్రం తన పుట్టింటి రోకలి తానే స్వయంగా పొయ్యిలోకి తోసి, "కంపెనీ కంటే ఎక్కువా!" అని దగ్గుతూ అంది.

పిచ్చేశ్వర్రావు రోడ్డు మీద నిలబడి, కళ్ళు నలుపుకుంటూ ఫోన్లో చూస్తున్నాడు. మూడుంబావుకి ఆర్డరు రద్దని వార్త వచ్చింది. మూడున్నరకి షేరు నూట తొంభై దగ్గర ఆగింది. ఆయన ఆ అంకె పానకాలుకి చూపించాడు. 'పా' అని రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని స్కూటరెక్కాడు.

పానకాలు చెక్కు చెదరలేదు. "మన రోకళ్ళు తగలబడ్డ సంగతి వాళ్ళకింకా చేరినట్టు లేదు" అన్నాడు.

పొగ తగ్గాక, మిగిలిన ఐదారుగురు ఆడవాళ్ళూ తుమ్ముకుంటూ వెనక్కి వచ్చారు. వాళ్ళలో పెద్దామె గంపకేసి చూసి, "మరి మా కారం సంగతేందయ్యా?" అంది.

"గోపవరం మిల్లుకి తీసకపోండమ్మా" అన్నాడు పానకాలు. మాట చెబుతూనే మొహం వెలిగిపోయింది. "ఆడ ఉండేదీ గండభేరుండ మోటారే, పాతది. పోతా పోతా కాలవలో కాయలు కాస్త తడపండి, తడికాయకి మోటారు మీద బరువు పడుద్ది. ఊళ్ళో వాళ్ళందరికీ చెప్పండి, రోజూ అక్కడికే పోండి, అది కాలిపోయిందాకా ఆడించండి. మన కంపెనీ నిలబడాల."

ఆడవాళ్ళకి గంపలు ఎత్తేవాళ్ళు లేకపోతే, ఒక్కొక్కటీ తనే ఎత్తి వాళ్ళ నెత్తిన పెట్టి, వీధి చివరిదాకా వెళ్ళి గోపవరం దారి చూపించి వచ్చాడు.